ఏ గడిలో టిక్కు పెట్టాలి?

పోయిన ఏడాది ఒక కాలేజీ ఫెస్ట్‌లో సోలో ఇన్‌స్ట్రుమెంటల్ పోటీకి పేరిచ్చాను. రిజిస్ట్రేషన్ ఫారంలో మూడు గడులున్నాయి: ఇండియన్ క్లాసికల్, వెస్టర్న్ క్లాసికల్, లైట్ మ్యూజిక్. నేను కీబోర్డ్ మీద వాయించబోయేది స్కాట్ జోప్లిన్ రాసిన 'మేపుల్ లీఫ్ రాగ్'. టేబుల్ దగ్గర కూర్చున్న జూనియర్ ఆ పేరు చూసి, "రాగ్ అంటే హిందుస్తానీయే కదన్నా?" అంటూ మొదటి గడిలో టిక్కు పెట్టబోయాడు. ఆపి, రెండో గడిలో పెట్టించాను.

వాయించాక జడ్జిగారు నన్ను పిలిచి, "బాగానే ఉంది బాబూ, కానీ ఇది క్లాసికల్ కాదు, డాన్స్ ట్యూను. తప్పు కేటగిరీలో వచ్చావు" అన్నారు. ప్రైజ్ రాలేదు. దానికి ఆయన్నేమీ అనను, రెండు చోట్ల నేనే తడబడ్డాను. హాస్టల్‌కి వచ్చి ఈ సంగతి రూమ్మేట్‌కి చెబితే వాడు ఇంకో రాయి వేశాడు. "అరేయ్, అది యూరప్ వాళ్ళ మార్చ్ మ్యూజికే కదరా. బీటు కొంచెం అటూ ఇటూ జరిపారు, అంతే. అందులో కొత్తేముంది?"

ఒకాయనేమో ఇది యూరప్ స్థాయికి చాలదన్నారు. ఇంకొకడేమో అంతా యూరప్ నుంచి తెచ్చుకున్నదే అన్నాడు. ఒకే పాట మీద ఈ రెండు మాటలూ పడటం నాకు వింతగా అనిపించింది. అప్పటినుంచీ దొరికినవి చదువుతూ, వాయించుకుంటూ, ఆలోచిస్తూనే ఉన్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: రాగ్‌టైమ్‌లో యూరప్ చాలా ఉంది. దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ దాన్ని 'ప్రభావం' అనడం నాకు నచ్చదు. ప్రభావం అంటే ఎండ తగిలి రంగు మారినట్టు, తనంతట తాను జరిగిపోయేది. ఇక్కడ జరిగింది అది కాదు. ఒక మనిషి పుస్తకాలు ముందేసుకుని చదువుకుని, ఏది కావాలో ఏది వద్దో ఎంచుకుని చేసిన పని ఇది.

ముందు పేరు సంగతి. దీనికీ మన రాగానికీ ఏ సంబంధమూ లేదు. ఇంగ్లీషులో చిరుగుల గుడ్డని రాగ్ అంటారు. లయ అంచులు చిరిగినట్టుగా వినిపిస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఎక్కువమంది చెప్పే మాట. అందరికీ తెలిసిన పాటని ఆ పద్ధతిలో వాయించడాన్ని 'ర్యాగింగ్' అనేవారు. మనకి ఆ మాట వినగానే అడ్మిషన్ రోజు సంతకం పెట్టిన అఫిడవిట్ గుర్తొస్తుంది గానీ, 1890ల్లో అమెరికాలో పియానో వాయించేవాడికి అది చేతి పనితనం.

ఆ పనితనమేంటో తెలియాలంటే ఇది చదువుతూ ఒక్క నిమిషం బల్ల మీద కొట్టి చూడండి. ఎడమ చేత్తో 'తక తక తక తక' అని సమంగా కొట్టండి. మొత్తం ఎనిమిది అక్షరాలు. ఇప్పుడు అదే ఎనిమిదిలో కుడి చేత్తో 'తకిట తకిట తక' కొట్టండి, ప్రతి ముక్కలో మొదటి అక్షరం మీద మాత్రమే దెబ్బ పడాలి. కుడిచేతి మూడు దెబ్బల్లో మొదటిదీ మూడోదీ ఎడమచేతితో కలుస్తాయి. మధ్యది మాత్రం రెండు దెబ్బల సందులో పడుతుంది. ఆ సందులో పడ్డ దెబ్బ దగ్గరే కాలు కదలాలనిపిస్తుంది. దాన్నే సింకోపేషన్ అంటారు. రాగ్‌టైమ్‌లో ఇది ఎన్నో రూపాల్లో వస్తుంది, నేను చెప్పింది అన్నిట్లోకీ తేలికైనది. ఎడమ చెయ్యి గోడ గడియారంలా నడుస్తూ ఉంటే, కుడి చెయ్యి దానితో దాగుడుమూతలాడుతుంది. రెండూ కావాలి. గడియారం లేకపోతే దాగుడుమూతలకి అర్థం లేదు.

ఆ ఎడమ చెయ్యి ఎక్కడిదంటే, నా రూమ్మేట్ చెప్పింది నిజమే, మార్చ్‌దే. అప్పట్లో అమెరికాలో బ్రాస్ బ్యాండ్‌లకి ఎక్కడలేని గిరాకీ. చిన్న చిన్న ఊళ్ళకి కూడా సొంత బ్యాండ్ ఉండేది. బ్యాండ్‌లో ట్యూబా 'బూమ్' అంటే హార్న్‌లు 'చక్' అంటాయి. పియానో మీద ఎడమ చెయ్యి కిందికి దూకి ఒక మంద్ర స్వరం కొట్టి, పైకి లేచి ఒక కార్డ్ పట్టుకోవడం ఆ బ్యాండ్ మొత్తాన్నీ ఐదు వేళ్ళలో సర్దడమే. జాన్ ఫిలిప్ సూసా 1889లో రాసిన 'ది వాషింగ్టన్ పోస్ట్' మార్చ్ కవాతుకే పరిమితం కాలేదు. టూ స్టెప్ అనే జంట నాట్యానికి అదే పాటయింది. సైనికుల అడుగు డాన్స్ హాల్లోకి వచ్చేసిందన్నమాట. జోప్లిన్ కూడా 1902లో అచ్చయిన 'ది ఎంటర్‌టైనర్' పేరు కింద రాగ్‌టైమ్ టూ స్టెప్ అనే వేయించాడు. 'మేపుల్ లీఫ్ రాగ్' మొదటి పేజీ పైన 'టెంపో ది మార్చా' అని ఇటాలియన్‌లో ఉంటుంది. మార్చ్ నడకలో వాయించమని అర్థం. అంటే అప్పు ఎక్కడిదో ఆయనే పైన రాసి పెట్టాడు.

మార్చ్ ఒక్కటే కాదు. బొహీమియా నుంచి వచ్చిన పోల్కా, దానికి నెమ్మది చుట్టమైన షాటిష్, జంటలు చతురస్రంగా నిలబడి ఆడే ఫ్రెంచ్ క్వాడ్రిల్, తిరుగుతూ ఆడే వాల్ట్జ్, ఇవన్నీ అట్లాంటిక్ దాటి అమెరికా డాన్స్ హాళ్ళలో కాపురం పెట్టాయి. క్వాడ్రిల్‌లో ఒకే పాట ఉండదు, వరసగా కొన్ని చిన్న భాగాలుంటాయి. ఒక భాగం అయిపోగానే కొత్త ట్యూన్‌తో ఇంకోటి. రాగ్ కూడా అంతే. పదహారు బార్ల చొప్పున ముక్కలు, దాదాపు ప్రతి ముక్కా రెండుసార్లు. జెల్లీ రోల్ మోర్టన్ 1938లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం రికార్డింగ్‌లు ఇస్తూ, పాత ఫ్రెంచ్ క్వాడ్రిల్ ఒకటి ముక్కముక్కగా వాయించి, ఇదే చివరికి 'టైగర్ రాగ్' అయిందని చూపించాడు. ఆ పాట పుట్టుక గురించి ఆయన చెప్పిందంతా అందరూ ఒప్పుకోరు. కానీ దారి అలాంటిదేనని ఆ రికార్డింగ్ వింటే చెవికి తెలుస్తుంది.

ఇక కుడి చెయ్యి. అది యూరప్ నుంచి రాలేదు. ఆఫ్రికన్ అమెరికన్‌ల చప్పట్లు, కాళ్ళ తాళాలు, బాంజో మీటుల నుంచి వచ్చింది. ఇక్కడొక తమాషా ఉంది. కేక్‌వాక్ అని ఒక నాట్యముండేది. తోటల్లో బానిసలుగా ఉన్నవాళ్ళు, దొరలు బాల్‌రూమ్‌లో బిగుసుకుని నడిచే నడకని చూసి, దాన్ని కొంచెం పెంచి వెక్కిరిస్తూ ఆడేవారట. దొరలకి అది వెక్కిరింత అని అర్థం కాక చప్పట్లు కొట్టేవారని కూడా చెబుతారు. తర్వాత అదే స్టేజీ మీదికెక్కి దేశమంతా పిచ్చిగా ఆడిన నాట్యమైంది. రాగ్‌టైమ్‌కి ముందు మెట్టు ఇదే. కాబట్టి యూరప్ నాట్యం ఇక్కడికి ఎలా వచ్చిందంటే, 'నేర్చుకున్నారు' అని ఒక్క ముక్కలో తేల్చలేం. కొంత నేర్చుకున్నారు, కొంత ఆటపట్టించారు.

ఈ రెండు చేతులూ కలిసిన ఇల్లొకటి చూద్దాం. స్కాట్ జోప్లిన్ 1867-68 ప్రాంతంలో టెక్సస్ ఈశాన్య మూలలో పుట్టాడు. తండ్రి గైల్స్ ఒకప్పుడు బానిస. ఆ రోజుల్లో యజమానుల విందుల్లో వయొలిన్ మీద వాల్ట్జ్‌లు, పోల్కాలు వాయించేవాడని చెబుతారు. తల్లి ఫ్లోరెన్స్ పాడేది, బాంజో వాయించేది, నలుగురిళ్ళలో పనిచేసేది. టెక్సార్కానాలో జూలియస్ వైస్ అనే జర్మన్ యూదు మాస్టారు ఈ పిల్లవాడి చెయ్యి చూసి ఫీజు తీసుకోకుండా పాఠం చెప్పాడు. యూరప్ సంగీతం, ఒపేరా ఉన్నాయని పరిచయం చేసింది ఆయనే. తర్వాత జోప్లిన్ మిస్సోరిలోని సెడేలియా చేరి, క్వీన్ సిటీ కార్నెట్ బ్యాండ్‌లో వాయించాడు. అక్కడే జార్జ్ ఆర్. స్మిత్ కాలేజీలో సంగీతం చదివాడు. 1896లో అచ్చయిన ఆయన తొలి పియానో రచనల్లో రెండు మార్చ్‌లు, ఒక వాల్ట్జ్ ఉన్నాయి, రాగ్ ఒక్కటీ లేదు. అంటే ముందు పాత రూపాలు చేత్తో రాసి సాధన చేసి, ఆ తర్వాత కొత్తదానికి వచ్చాడు. మనం ఫస్టియర్‌లో వర్క్‌షాప్‌లో ఫైలింగ్ చేసి చేసి అరచేతులు కాయలు కాయించుకున్నాం చూడండి, అలాంటిదే.

1899లో జాన్ స్టార్క్ అచ్చువేసిన 'మేపుల్ లీఫ్ రాగ్' తీసుకోండి. నాలుగు ముక్కల్ని ఏ-ఏ-బి-బి-ఏ-సి-సి-డి-డి అని పేర్చాడు. తొమ్మిది సార్లు పదహారు, 144 బార్లు. సి ముక్క దగ్గర శ్రుతి మారుతుంది. మన భాషలో చెప్పాలంటే మధ్యమాన్ని షడ్జమం చేసుకుంటాడు. దీన్ని ట్రయో అంటారు, మార్చ్‌లలో ఇది మామూలే. ఇంతవరకూ నా రూమ్మేట్ గెలిచినట్టే. కానీ డి ముక్క చూడండి. సూసా మార్చ్‌లు ఎక్కువగా ఆ మారిన శ్రుతిలోనే ముగుస్తాయి, మొదలైన చోటికి తిరిగి రావు. 'ది వాషింగ్టన్ పోస్ట్' అంతే, 'స్టార్స్ అండ్ స్ట్రైప్స్ ఫరెవర్' అంతే. కవాతు ముందుకే పోతుంది కదా, వెనక్కి రావాల్సిన పనేముంది? జోప్లిన్ మాత్రం చివరి ముక్కని మొదటి శ్రుతికి తీసుకొచ్చి ముగిస్తాడు. బయల్దేరిన ఇంటికే తిరిగి రావాలన్న ఆ పట్టింపు కచేరీ హాలు సంగీతంలో కనిపించేది. 1914లో వచ్చిన 'మాగ్నెటిక్ రాగ్'లో ఇంకో అడుగు వేసి, శ్రుతితో పాటు మొదటి ట్యూన్‌ని కూడా చివర్లో వెనక్కి పిలిచాడు. ఫ్రేమ్ మార్చ్‌ది. దాన్ని ఎక్కడ విప్పాలి, ఎక్కడ బిగించాలి అన్నది ఆయనది.

ఇంకొన్ని. 'బెథీనా' 1905లో రాసిన కచేరీ వాల్ట్జ్. మూడు దెబ్బల వాల్ట్జ్‌లో రాగ్ లయని ఇమిడ్చాడు. రెండు దెబ్బల మార్చ్‌లో పుట్టినదాన్ని మూడులో నడపడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడండి, నా వేళ్ళు ఇంకా మొరాయిస్తూనే ఉన్నాయి. 1909 నాటి 'సొలేస్'లో హబనేరా నడక ఉంది. ఆ హబనేరా చరిత్ర ఇంకా తమాషా: ఇంగ్లండ్ పల్లె నాట్యం ఫ్రాన్స్ వెళ్ళి, అక్కడి నుంచి కరీబియన్ దీవులకి వెళ్ళి, ఆఫ్రికన్‌ల చేతుల్లో లయ మార్చుకుని వచ్చింది. అదే ఏడాది వచ్చిన 'యూఫోనిక్ సౌండ్స్'లో చాలాచోట్ల ఎడమచేతి బూమ్-చక్ మానేశాడు. గడియారం ఆగినా కాలం తెలిసేలా రాశాడు. అరువు తెచ్చుకున్న ఊతకర్రని పక్కన పెట్టి నడిచి చూపించడం లాంటిదిది.

ఈ దారిలో ఆయనకంటే ముందు నడిచినవాడూ ఉన్నాడు. న్యూ ఆర్లియన్స్‌లో 1829లో పుట్టిన లూయీ మోరో గాట్‌షాక్ పారిస్ వెళ్ళి పియానో నేర్చుకుని, 'బంబూలా', 'ది బాంజో' లాంటి రచనల్లో నల్లజాతి వారి పాటల్నీ మీటుల్నీ కచేరీ పియానో భాషలో పెట్టాడు. గాట్‌షాక్ కచేరీ హాల్లో నిలబడి బయటి పాటని లోపలికి పిలిచాడు. జోప్లిన్ బయట నిలబడి లోపలికి రావాలని తలుపు తట్టాడు. ఇద్దరికీ తేడా సంగీతంలో కంటే ఎక్కువగా తలుపు దగ్గరుంది.

ఇప్పుడు జడ్జిగారి మాటకి వస్తాను. డాన్స్ ట్యూను కాబట్టి క్లాసికల్ కాదంటే, బాఖ్ సూట్‌లని ఏం చేద్దాం? అందులోని అలమాండ్, కూరాంట్, సారబాండ్, జీగ్ అన్నీ నాట్యాల పేర్లే. షోపాన్ వాల్ట్జ్‌లూ, తన పోలండ్ పల్లెల నుంచి తెచ్చుకున్న మజుర్కాలూ నాట్యాలే. వాటిని ఇప్పుడెవరూ ఆడరు, కుర్చీల్లో కూర్చుని వింటారు. నాట్యం ఆగిపోయాక మిగిలిన సంగీతానికి క్లాసికల్ అని పేరు పెట్టి, ఇంకా కాళ్ళు కదులుతున్నదాన్ని గుమ్మం బయట నిలబెట్టడం న్యాయం కాదు.

రూమ్మేట్ వాదానికి జవాబు కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. వాడి మాటకి పూర్తి వ్యతిరేకంగా ఇంకో వాదన ఉంది: యూరప్ సంగతి ఎత్తితే నల్లజాతి వారి ఘనత తగ్గించినట్టే, కాబట్టి ఆ ఊసే వద్దని. దాని వెనకున్న బాధ నాకు అర్థమవుతుంది. ఆ రోజుల్లో ఈ సంగీతాన్ని చిల్లర సరుకని తిట్టినవాళ్ళకి లెక్క లేదు. 1901లో అమెరికా వాద్యకారుల సంఘమే దీన్ని అరికట్టాలని తీర్మానించింది. అయినా నేను ఆ వాదన ఒప్పుకోను. యూరప్ చదువుని కథలోంచి తీసేస్తే జోప్లిన్ ఏమవుతాడు? 'వాళ్ళకి లయ రక్తంలోనే ఉంటుంది' అనే పాత మాటకి దొరికిపోతాడు. ఆయన వైస్ మాస్టారి దగ్గర కూర్చున్న గంటలు, కాలేజీ చదువు, ప్రతి స్వరాన్నీ కాగితం మీద పెట్టిన శ్రమ, 1908లో విద్యార్థుల కోసం ఆరు అభ్యాసాలతో అచ్చువేసిన 'స్కూల్ ఆఫ్ రాగ్‌టైమ్' పుస్తకం, ఇవన్నీ మాయమైపోతాయి. చదువుకున్నవాడిని చదువుకోలేదనడం కూడా అవమానమే.

ఈ మాట చెబితే రూమ్మేట్ వెంటనే ఒప్పుకోలేదు. వాడిది విజయనగరం. అందుకని అడిగాను: "మీ ఊళ్ళో ద్వారం వెంకటస్వామినాయుడు గారు వాయించింది ఎవరి వాద్యంరా?" వయొలిన్ యూరప్‌ది. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దాన్ని నేర్చుకుని మన కచేరీకి తెచ్చారు. ఆయన అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండ్ ట్యూన్‌లకి సంస్కృత సాహిత్యం కట్టారు, నొట్టుస్వరాలంటే అవే. అయినా నాయుడుగారి వయొలిన్ విని 'ఇది యూరప్ ప్రభావం' అని ఎవరమూ అనం. శ్రుతి మార్చి, పట్టుకునే తీరు మార్చి, గమకం పలికించి మనదాన్ని చేసుకున్నాం అంటాం. మన విషయంలో 'చేసుకున్నాం' అనే క్రియ వాడి, జోప్లిన్ విషయంలో 'పడింది' అనే క్రియ వాడటం ఎందుకు? వాడు కాసేపు ఆలోచించి, "సరేలే, పాయింటే" అన్నాడు. వాడి నోట అంతకంటే పెద్ద సర్టిఫికెట్ రాదు.

ఏ గడిలో టిక్కు పెట్టాలన్నది ఫెస్ట్‌లో నాకు ఒక ప్రైజ్‌తో పోయింది. జోప్లిన్‌కి జీవితమే ఖర్చయింది. ఆయన 'ట్రీమోనిషా' అని మూడు అంకాల ఒపేరా రాశాడు. టెక్సార్కానా దగ్గర తోటల్లో బతికే నల్లజాతి వారికి, చదువుకున్న ఒక అమ్మాయి నాయకురాలవడం కథ. ఏరియాలు, బృందగానాలు, బ్యాలే అన్నీ ఉన్నాయి. చివర్లో అందరూ కలిసి ఆడే రాగ్‌టైమ్ నాట్యమూ ఉంది. అచ్చువేసేవాళ్ళు దొరక్క 1911లో 230 పేజీల స్కోరుని సొంత డబ్బుతో వేసుకున్నాడు. 1915లో హార్లెమ్‌లో ఆర్కెస్ట్రా లేకుండా, సెట్టింగులు లేకుండా, పియానో ఒక్కదానితో ప్రదర్శిస్తే అది నిలబడలేదు. 1917 ఏప్రిల్ 1న ఆయన పోయాడు. సమాధి మీద 1974 దాకా పేరున్న రాయి కూడా లేదు.

ఇంకోపక్క చూడండి. 1908లో డెబస్సీ పిల్లల పియానో సూట్‌లో ఒక కేక్‌వాక్ పెట్టాడు. 1918లో స్ట్రావిన్‌స్కీ పదకొండు వాద్యాలకి 'రాగ్‌టైమ్' అనే పేరుతోనే ఒకటి రాశాడు. వాటిని ఏ గడిలో పెట్టాలో ఎవరికీ సందేహం రాలేదు. యూరప్ నుంచి తీసుకున్న జోప్లిన్ బయటే ఉన్నాడు, ఆయన లాంటివాళ్ళ నుంచి తీసుకున్న యూరప్ వాళ్ళు లోపలున్నారు. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది, లెక్క మాత్రం ఒక వైపే రాశారు.

1973లో 'ది స్టింగ్' సినిమాలో 'ది ఎంటర్‌టైనర్' వచ్చి లోకమంతా మళ్ళీ వింది. అంతకు ముందు ఏడాదే అట్లాంటాలో 'ట్రీమోనిషా'ని పూర్తి స్థాయిలో వేదికెక్కించారు. 1976లో పులిట్జర్ వాళ్ళు ప్రత్యేక పురస్కారమిచ్చారు. ఆయన పోయి అప్పటికి 59 ఏళ్ళు.

మళ్ళీ ఫెస్ట్‌ల సీజన్ వస్తోంది. ఈసారీ 'మేపుల్ లీఫ్ రాగ్' ఇస్తాను, రెండో గడిలోనే టిక్కు పెడతాను. జడ్జి ఎవరైనా అభ్యంతరం చెబితే బాఖ్ జీగ్‌ల సంగతి మర్యాదగా అడుగుతాను. మన క్లబ్బు నుంచి కల్చరల్ కమిటీకి కూడా ఒక విన్నపం: మన ఫారంలో అసలు ఆ గడులే తీసేసి, 'ఏం వాయిస్తున్నారు, ఎవరు రాశారు' అని రెండు గీతలు ఇవ్వండి చాలు.

ఈలోగా ఎవరైనా వినాలనుకుంటే, రాత్రి మెస్ అయ్యాక మా రూమ్‌కి రండి. కీబోర్డ్ మంచం కిందే ఉంటుంది. స్పీడుగా వాయించమని మాత్రం అడక్కండి. రాగ్‌టైమ్‌ని వేగంగా వాయించకూడదని జోప్లిన్ తన నోట్స్ మీద అచ్చువేయించి మరీ చెప్పాడు. పైగా స్పీడు పెంచితే ఆ రెండు చోట్లా నేను మళ్ళీ తడబడతాను.